ఓగమ్ లిపిలో ఐరిష్ మాట తప్పు లేకుండా రాసుకోవడం ఎలా?

ఉంగరం మీద, చేతి మీద టాటూగా, గుమ్మం పక్కన చెక్క మీద ఓగమ్ లిపిలో ఒక మంచి ఐరిష్ మాట రాయించుకోవాలనుంది, ఎలా మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. ఓగమ్ అంటే ఐర్లాండ్‌లో పాత రాళ్ల మీద కనిపించే, అక్షరాలకు బదులు గీతలు వాడే ప్రాచీన లిపి. ఐర్లాండ్‌లో స్థిరపడిన మన కుటుంబాల నుంచి, అక్కడ బడిలో ఐరిష్ నేర్చుకుంటున్న పిల్లల అమ్మానాన్నల నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తోంది.

గీతలు గీయడం తేలికే, పదేళ్ల పిల్లలు కూడా గంటలో నేర్చుకుంటారు. తప్పులు దొర్లేది రెండు చోట్ల: ఎంచుకున్న మాటలో, గీతల మధ్య వదిలిన ఖాళీలో. ఒంటి మీద, వెండి మీద పడిన తప్పును చెరపలేం కాబట్టి ఈ రెండింటి మీదే ఎక్కువసేపు ఆగుదాం.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గళ్ల కాగితం, పెన్సిల్, స్కేలు, రబ్బరు
- ఐరిష్ నిఘంటువు. ఆన్‌లైన్‌లో ఉచితంగా రెండు మంచివి ఉన్నాయి: ఇంగ్లిష్ మాట ఇచ్చి ఐరిష్ వెతకడానికి ఫోక్లోర్ డాట్ ఐఈ (ఎఫ్-ఓ-సీ-ఎల్-ఓ-ఐ-ఆర్), ఐరిష్ మాటకు అర్థం చూసి మూడు ప్రాంతాల ఉచ్చారణ వినడానికి త్యాంగ్లన్ డాట్ ఐఈ (టీ-ఈ-ఏ-ఎన్-జీ-ఎల్-ఏ-ఎన్-ఎన్)
- మాట ఎక్కడికి వెళ్తుందో ముందే నిర్ణయం: ఎంత పొడవు చోటు ఉంది, నిలువుగానా, అడ్డంగానా
- ఐరిష్ చదవగలిగిన ఒక మనిషి. మీ పిల్లల టీచరైనా, పక్కింటి పెద్దావిడైనా సరే

మొదటి మూడూ సులువుగా దొరుకుతాయి. నాలుగోది దొరికేదాకా పని ఖరారు చేయకండి.

## 2. మాటను ఎంచుకోవడం

ఇక్కడ తొందర పడితే తర్వాత ఎంత అందంగా గీసినా లాభం లేదు. ముందు మీరు చెప్పదలచుకున్నది తెలుగులో ఒక వాక్యంగా రాసుకోండి. "మా కుటుంబం" అంటే మీ పిల్లలా, ఇంట్లో ఉండే అందరూనా, ఊళ్లో ఉన్న బంధువులూ కలిపా? ఐరిష్‌లో ఈ మూడింటికీ వేర్వేరు మాటలున్నాయి.

సీ-ఎల్-ఏ-ఎన్-ఎన్, అంటే "క్లాన్", ప్రధానంగా ఒకరి పిల్లలు, సంతానం. అమ్మానాన్నలను తలుచుకుంటూ రాయించుకోవడానికి ఇది సరిపోదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లందరికీ "తైలఖ్" (టీ-ఈ-ఏ-జీ-హెచ్-ఎల్-ఏ-సీ-హెచ్), మనవాళ్లు అనే విశాలమైన అర్థానికి "ముయిన్‌చిర్" (ఎం-యూ-ఐ-ఎన్-టీ-ఐ-ఆర్) ఉన్నాయి. ఊళ్లో ఉన్నవాళ్లందరినీ కలుపుకోవాలంటే నా ఓటు చివరి దానికే.

"అనమ్ కర" కూడా చాలామంది అడిగే మాట. ఆత్మకు స్నేహితుడు అని దాని అర్థం. పాత ఐర్లాండ్ చర్చిలో ఇది పాపాలు విని దారి చూపే ఆధ్యాత్మిక గురువుకు వాడిన మాట. ఈ రోజుల్లో ప్రాణస్నేహితులకు, భార్యాభర్తలకు వాడుతున్నారు. ఆ పాత అర్థం తెలిసే ఎంచుకుంటే మంచిది.

వాక్యాలకు మెషిన్ ట్రాన్స్‌లేషన్ మీద ఆధారపడకండి. "ఐ లవ్ యూ"ని మాటకు మాట మార్చితే ఐరిష్ అవదు. దాని వాక్యం మన వాక్యంలా నడుస్తుంది: "తా గ్రా అగమ్ దిత్", అంటే నాకు నీ మీద ప్రేమ ఉంది. "నాకు ఉంది" అనే మన పద్ధతే అక్కడా. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా తెలుగు నుంచి ఆలోచిస్తే కొన్ని ఐరిష్ వాక్యాలు తొందరగా అర్థమవుతాయి.

"నా ప్రేమ", "నా గుండె" లాంటివి కావాలంటే ఇంకో జాగ్రత్త. "నా" అన్న మాట ముందు చేరగానే తర్వాతి మాట మొదట్లో ఒక హెచ్ వచ్చి చేరుతుంది. జీ-ఆర్-ఏ అన్నది జీ-హెచ్-ఆర్-ఏ అవుతుంది. గుండె అనే సీ-ఆర్-ఓ-ఐ, సీ-హెచ్-ఆర్-ఓ-ఐ అవుతుంది. నిఘంటువులో విడివిడిగా దొరికిన రెండు మాటలను పక్కపక్కన పెట్టేస్తే ఈ మార్పు తప్పిపోతుంది.

మొదటిసారి రాసేవారికి ఒక్క మాటే ఎంచుకోమని చెబుతాను. ఇవి నమ్మకంగా వాడుకోవచ్చు (ఉచ్చారణ దగ్గరగా మాత్రమే ఇచ్చాను, "ఖ" అన్నచోట గొంతు లోపలి నుంచి గాలి రాసుకుంటూ రావాలి):

- గ్రా: ప్రేమ. జీ-ఆర్-ఏ
- సొలస్: వెలుగు. ఎస్-ఓ-ఎల్-ఏ-ఎస్
- దోఖస్: ఆశ, నమ్మకం. డీ-ఓ-సీ-హెచ్-ఏ-ఎస్
- న్యార్త్: బలం. ఎన్-ఈ-ఏ-ఆర్-టీ
- మిష్న్యఖ్: ధైర్యం. ఎం-ఐ-ఎస్-ఎన్-ఈ-ఏ-సీ-హెచ్
- సీర్షె: స్వేచ్ఛ. ఎస్-ఏ-ఓ-ఐ-ఆర్-ఎస్-ఈ
- షీఖాన్: శాంతి. ఎస్-ఐ-ఓ-సీ-హెచ్-ఏ-ఐ-ఎన్
- మాహిర్: అమ్మ. ఎం-ఏ-టీ-హెచ్-ఏ-ఐ-ఆర్
- అహిర్: నాన్న. ఏ-టీ-హెచ్-ఏ-ఐ-ఆర్

పాత రాళ్ల మీద ఇలాంటి మాటలు కనబడవు. సుమారు నాలుగో శతాబ్దం నుంచి చెక్కిన ఆ రాళ్లలో ఎక్కువగా ఉండేవి పేర్లే: ఫలానావాడిది, ఫలానావాడి కొడుకుది అని. ఆ భాష ఇప్పటి ఐరిష్‌కు చాలా పాత రూపం. మీరు రాస్తున్నది పాత లిపిలో ఇప్పటి ఐరిష్. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఎవరికైనా చూపించేటప్పుడు "ఇది ప్రాచీన శాసనంలోని మాట" అని మాత్రం చెప్పకండి.

## 3. స్పెల్లింగ్ ఖరారు చేయడం

మాట దొరికాక దాన్ని ఓగమ్‌కు సిద్ధం చేయాలి. మూడు నిర్ణయాలు తీసుకోవాలి.

అచ్చు మీది ఏటవాలు గుర్తు. ఐరిష్‌లో దీర్ఘాలకు అచ్చు మీద చిన్న గీత పెడతారు, దాన్ని "ఫాదా" అంటారు. ఓగమ్‌లో దీర్ఘానికి గుర్తు లేదు, వదిలేయాలి. దీనివల్ల కొన్ని మాటలు కలిసిపోతాయి. వెలుగు అనే "సొలస్", ఓదార్పు అనే "సోలాస్" ఓగమ్‌లో ఒకేలా ఉంటాయి. మనిషి, గడ్డి అనే రెండు మాటలూ అంతే, తేడా ఫాదాలోనే ఉంది. మీ మాట నుంచి ఫాదా తీసేశాక ఇంకేదైనా అర్థం వస్తుందేమో నిఘంటువులో చూడండి. వెలుగు, ఓదార్పు కలిసినా బాధ లేదు. అన్ని జంటలూ అంత మంచివి కావు.

మధ్యలో వచ్చే హెచ్. సీ-హెచ్, టీ-హెచ్, జీ-హెచ్ జంటలు ఇప్పటి స్పెల్లింగ్‌లో చాలా వస్తాయి. హెచ్ తీసేసి రాస్తే పాతకాలపు పద్ధతికి దగ్గరవుతుందని కొందరు అంటారు. నేను ఉంచమంటాను. ఈ రోజు మీ రాతను చదివేవారు అక్షరం అక్షరం లెక్కపెట్టి ఇప్పటి స్పెల్లింగ్‌తోనే పోల్చుకుంటారు.

పీ అక్షరం. అసలు 20 ఓగమ్ అక్షరాల్లో పీ లేదు. తర్వాతి కాలంలో "పెహ్" అనే గుర్తు చేరింది, యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే అక్షరాల పట్టికలో) కూడా ఉంది. ముద్దు, చిన్నపిల్ల లాంటి మాటలకు అది కావాలి. వేరే మాటతో సరిపెట్టుకోగలిగితే అదే మేలు.

అచ్చుల జంటలకు మధ్యయుగంలో చేర్చిన మరికొన్ని గుర్తులు చార్టుల్లో కనిపిస్తాయి. వాటి విలువలు కాలాన్ని బట్టి మారాయి కాబట్టి వాటి జోలికి వెళ్లకుండా ఏ తర్వాత ఓ, ఓ తర్వాత ఐ అని విడివిడిగానే రాయండి.

## 4. ఇరవై అక్షరాల పట్టిక

నిలువుగా ఒక గీత గీయండి. దీన్ని నడిగీత అందాం. అక్షరాలన్నీ దీని మీదే కూర్చుంటాయి. మొత్తం నాలుగు గుంపులు, గుంపుకు 5 అక్షరాలు. ఏ గుంపు, ఎన్ని గీతలు అన్న రెండు విషయాలు తెలిస్తే అక్షరం తెలిసినట్టే.

కుడి గుంపు (గీతలు నడిగీతకు కుడివైపు మాత్రమే):
బీ 1, ఎల్ 2, ఎఫ్ 3, ఎస్ 4, ఎన్ 5

ఎడమ గుంపు (ఎడమవైపు మాత్రమే):
హెచ్ 1, డీ 2, టీ 3, సీ 4, క్యూ 5

ఏటవాలు గుంపు (నడిగీతను వాలుగా దాటి రెండువైపులా):
ఎం 1, జీ 2, ఎన్‌జీ 3, జెడ్ 4, ఆర్ 5

అడ్డ గుంపు, అంటే అచ్చులు (నడిగీతను నేరుగా దాటే పొట్టి గీతలు, రాతి మీదైతే అంచున చిన్న గాట్లు):
ఏ 1, ఓ 2, యూ 3, ఈ 4, ఐ 5

అడ్డంగా రాయాలంటే కుడి గుంపు గీత కిందికి, ఎడమ గుంపు గీత పైకి వెళ్తాయి. మిగతా రెండూ అలాగే ఉంటాయి.

ఈ పట్టికను మీ చేతిరాతతో ఒక కాగితం మీద ఎక్కించుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే అలంకారపు చార్టుల్లో కొన్ని తలకిందులుగా ఉంటాయి. మీ పట్టికతో పోల్చి చూస్తే వెంటనే బయటపడుతుంది.

## 5. మాటను అంకెల్లోకి మార్చడం

నేరుగా గీయడం మొదలుపెట్టకండి. ముందు ప్రతి అక్షరానికీ గుంపు పేరు, అంకె రాసుకోండి. తర్వాత సరిచూసుకోవడానికి ఈ చిన్న వరుసే ఆధారం.

- గ్రా: ఏటవాలు 2, ఏటవాలు 5, అడ్డ 1
- సొలస్: కుడి 4, అడ్డ 2, కుడి 2, అడ్డ 1, కుడి 4
- దోఖస్: ఎడమ 2, అడ్డ 2, ఎడమ 4, ఎడమ 1, అడ్డ 1, కుడి 4
- న్యార్త్: కుడి 5, అడ్డ 4, అడ్డ 1, ఏటవాలు 5, ఎడమ 3
- మిష్న్యఖ్: ఏటవాలు 1, అడ్డ 5, కుడి 4, కుడి 5, అడ్డ 4, అడ్డ 1, ఎడమ 4, ఎడమ 1
- సీర్షె: కుడి 4, అడ్డ 1, అడ్డ 2, అడ్డ 5, ఏటవాలు 5, కుడి 4, అడ్డ 4
- మాహిర్: ఏటవాలు 1, అడ్డ 1, ఎడమ 3, ఎడమ 1, అడ్డ 1, అడ్డ 5, ఏటవాలు 5

వరుస రాశాక ఒకే గుంపు అక్షరాలు పక్కపక్కన పడిన చోట ఎర్ర పెన్సిల్‌తో చుట్టండి. ప్రమాదమంతా అక్కడే. అవి దగ్గరగా పడితే రెండు అక్షరాలు కలిసి మూడోది అవుతాయి:

- సీ, హెచ్ కలిస్తే (4+1) క్యూ అవుతుంది
- టీ, హెచ్ కలిస్తే (3+1) సీ అవుతుంది
- డీ, హెచ్ కలిస్తే (2+1) టీ అవుతుంది
- ఏ, ఓ కలిస్తే (1+2) యూ అవుతుంది
- ఈ, ఏ కలిస్తే (4+1) ఐ అవుతుంది
- యూ, ఏ కలిస్తే (3+1) ఈ అవుతుంది
- రెండు ఎల్‌లు కలిస్తే (2+2) ఎస్ అవుతుంది
- బీ, ఎల్ కలిస్తే (1+2) ఎఫ్ అవుతుంది

అమ్మ అనే మాటను చూడండి. టీ-హెచ్ మధ్య ఖాళీ తగ్గితే అది ఎం-ఏ-సీ-ఏ-ఐ-ఆర్ అని చదువుకుంటుంది, అమ్మ మాయమైపోతుంది. మిష్న్యఖ్‌లో ఇలాంటి చోట్లు మూడున్నాయి: ఎస్-ఎన్, ఈ-ఏ, సీ-హెచ్. సొలస్‌లో ఒక్కటీ లేదు, పక్కపక్క అక్షరాలన్నీ వేర్వేరు గుంపులు. అందుకే మొదటిసారి రాసేవారికి, చిన్న ఉంగరాలకు నేను చెప్పే మొదటి మాట సొలస్.

## 6. ఖాళీలు కొలిచి గీయడం

ఒక కొలత తీసుకోండి, దాన్ని "గడి" అందాం. గళ్ల కాగితంలో ఒక గడే కావచ్చు. నియమాలు ఇవి:

- ఒకే అక్షరంలోని గీతల మధ్య దూరం: 1 గడి
- అక్షరానికీ అక్షరానికీ మధ్య: 3 గడులు
- మాటకూ మాటకూ మధ్య: 6 గడులు
- నడిగీత మొదట, చివర అదనంగా: 3 గడులు చొప్పున

పాత రాళ్ల మీద మాటల మధ్య ఖాళీ పాటించేవారు కాదు. మనం పాటించాలి. "తా గ్రా అగమ్ దిత్"లో గ్రా చివర ఏ ఉంది, అగమ్ మొదట ఏ ఉంది. ఖాళీ చాలకపోతే ఆ రెండూ కలిసి ఓ అయి కూర్చుంటాయి.

పొడవు ముందే లెక్కవేయండి. ప్రతి అక్షరం తన గీతల సంఖ్యకు ఒకటి తక్కువ గడులు తీసుకుంటుంది. సొలస్‌కు 3+1+1+0+3, మొత్తం 8. అక్షరాల మధ్య నాలుగు ఖాళీలు, ఒక్కోటి 3 చొప్పున 12. కలిపి 20, రెండు చివర్లకు 6, వెరసి 26 గడులు. గడి 3 మిల్లీమీటర్లు అనుకుంటే 78 మిల్లీమీటర్లు. మిష్న్యఖ్‌కు ఇదే లెక్కన 44 గడులు, అంటే 132 మిల్లీమీటర్లు. మణికట్టు మీద నిలువుగా పడుతుందా, చేతి పొడవునా కావాలా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

చోటు చాలకపోతే అక్షరాల మధ్య ఖాళీని తగ్గించకండి. మాట మార్చండి, లేదా మొత్తం కొలతను ఒకే నిష్పత్తిలో తగ్గించండి. టాటూ సిరా ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం పాకుతుంది కాబట్టి చర్మం మీద గడిని 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ చేయవద్దని నా సలహా.

గీసే క్రమం ఇది:

1. నడిగీతను స్కేలుతో నిలువుగా గీయండి. కింది చివర "మొదలు" అని రాయండి.
2. కింది నుంచి పైకి, ప్రతి గీత ఎక్కడ పడాలో నడిగీత మీద చిన్న చుక్కలు పెట్టండి. ఇంకా గీతలు గీయకండి.
3. చుక్కలను అంకెల వరుసతో పోల్చండి. సొలస్‌కు 4, 2, 2, 1, 4 చుక్కలు రావాలి.
4. అచ్చులు ముందు గీయండి, నేరుగా, పొట్టిగా. నడిగీతకు అటూ ఇటూ 1 గడి చొప్పున చాలు.
5. కుడి, ఎడమ గీతలను 3 గడుల పొడవుతో గీయండి. అన్నీ నడిగీత దగ్గరే ఆగాలి. ఒక్కటి అవతలికి పొడుచుకొచ్చినా అచ్చులా కనిపిస్తుంది.
6. ఏటవాలు గీతలను చివరికి ఉంచండి. అన్నీ ఒకే వైపు, ఒకే కోణంలో వాలాలి. 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటే అచ్చులతో కలవవు. కొంచెమే వాలిస్తే చదివేవారు ఆర్‌ను ఐ అనుకుంటారు, ఎందుకంటే రెండింటికీ 5 గీతలే.

గీయడానికి ముందు అసలు రాళ్ల ఫొటోలు కాసేపు చూస్తే చేతికి ఆ లయ పట్టుబడుతుంది. డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారి "ఓగమ్ ఇన్ 3డీ" ప్రాజెక్టులో రాళ్లను కంప్యూటర్‌లో తిప్పి చూడవచ్చు. ఐర్లాండ్‌లో ఉన్నవారైతే కార్క్ యూనివర్సిటీ కాలేజీలోని రాళ్ల వరండాకు పిల్లలతో వెళ్లండి. కెర్రీ కౌంటీలో డన్‌లో దగ్గర రోడ్డు పక్కనే కొన్ని రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. అక్కడ ఎం-ఏ-క్యూ-ఐ అనే నాలుగక్షరాల కోసం వెతకమని పిల్లలకు చెప్పండి: ఏటవాలు 1, అడ్డ 1, ఎడమ 5, అడ్డ 5. "కొడుకుది" అని అర్థం, చాలా రాళ్ల మీద ఉంటుంది. రాసి పెట్టిన పట్టికతో ఒక్క మాట తామే చదవగలిగాక పిల్లలకు కలిగే సంతోషం చూడాలి.

## 7. దిశ తప్పకుండా చూసుకోవడం

నిలువు ఓగమ్‌ను కింది నుంచి పైకి చదవాలి. అడ్డంగా రాస్తే ఎడమ నుంచి కుడికి. తెలుగులో పైనుంచి కిందికి చదివే అలవాటు వల్ల ఇక్కడ చాలామంది తడబడతారు.

తలకిందులైతే ఏమవుతుందో సొలస్‌తోనే చూద్దాం. కుడి గీతలు ఎడమకు, ఎడమవి కుడికి మారతాయి, క్రమం తిరగబడుతుంది. వెలుగు అన్న మాట సీ-ఏ-డీ-ఓ-సీ అవుతుంది. అద్దంలోలా తిరగబడితే క్రమం అలాగే ఉండి సీ-ఓ-డీ-ఏ-సీ అవుతుంది. రెండూ చూడ్డానికి చక్కటి ఓగమ్‌లానే ఉంటాయి, అర్థం మాత్రం ఉండదు.

గ్రాకు ఇంకో ఇబ్బంది. దానిలో కుడి, ఎడమ గీతలే లేవు కాబట్టి తిప్పినా ఆకారం మారదు, ఏ-ఆర్-జీ అని చదువుతారు. అందుకే మొదలు ఎక్కడో చూపించే గుర్తు పెట్టండి. దాన్ని ఈక గుర్తు అంటారు: నడిగీత మొదట్లో అది రెండుగా చీలి వీ ఆకారంలో ఉంటుంది. చేతిరాత గ్రంథాల నుంచి వచ్చిన పద్ధతి ఇది. చివర కూడా పెడితే రెండు చివరలూ ఒకేలా కనిపించి ఏది మొదలో తెలియదు. మొదట మాత్రమే పెట్టడం నాకు నచ్చుతుంది.

అడ్డంగా ఉన్న డిజైన్‌ను నిలువుగా మార్చాలంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పాలి. ఎడమ చివర కిందికి రావాలి. ఎప్పుడూ ఇదే దిశ.

## 8. కంప్యూటర్‌లో చేయాలంటే

ఓగమ్‌కు 1999 నుంచి యూనికోడ్‌లో చోటు ఉంది. నోటో సాన్స్ ఓగమ్ ఫాంట్ ఉచితం. విండోస్‌లో సీగో యూఐ హిస్టారిక్‌లో కూడా ఈ అక్షరాలున్నాయి.

ఆన్‌లైన్ కన్వర్టర్ వాడితే ఫాదా లేని స్పెల్లింగ్ ఇవ్వండి. ఫాదా ఉన్న అచ్చును కొన్ని కన్వర్టర్లు అలాగే వదిలేస్తాయి, లేదా మింగేస్తాయి. వచ్చిన ఫలితాన్ని మీ అంకెల వరుసతో పోల్చకుండా వాడకండి.

తరచూ వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు:

- అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి. ఆ ఫోన్‌లో ఓగమ్ ఫాంట్ లేదు. టెక్స్ట్ కాకుండా పీడీఎఫ్ లేదా బొమ్మ పంపండి.
- మాటల మధ్య నడిగీత తెగిపోయింది. మామూలు స్పేస్ పడింది. ఓగమ్‌కు గీతతో కూడిన ప్రత్యేక స్పేస్ గుర్తు ఉంది, అది వాడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ఖాళీగా భావించి మొదట, చివర కత్తిరించేస్తాయి.
- నడిగీతే కనిపించడం లేదు. కొన్ని ఫాంట్లు గీత లేకుండా తయారైనవే. ఫాంట్ మార్చండి. గీత లేకపోతే కుడి గుంపు ఏదో, ఎడమ గుంపు ఏదో తేల్చడం కష్టం.
- నిలువు టెక్స్ట్ ఎంచుకుంటే అక్షరాలు ఒకదాని కింద ఒకటి పేర్చుకున్నాయి. ఆ సెట్టింగ్ వాడొద్దు. అడ్డంగా టైప్ చేసి, అవుట్‌లైన్‌గా మార్చి, ఆపై ఎదురు దిశలో తిప్పండి.

ఫాంట్‌లో అక్షరాల మధ్య ఖాళీ నేను చెప్పిన 3 గడుల కంటే తక్కువ అనిపిస్తే లెటర్ స్పేసింగ్ పెంచకండి, నడిగీత ముక్కలవుతుంది. అలాంటప్పుడు గళ్ల కాగితం మీద చేత్తో గీసి స్కాన్ చేయడమే మేలు.

## 9. చెక్క అంచున చెక్కడం

ఓగమ్‌కు ఇదే సహజమైన రూపం. చదరపు కర్ర అంచే నడిగీత అవుతుంది, విడిగా గీత గీయక్కర్లేదు. కుడి గుంపు కుడి ముఖం మీద, ఎడమ గుంపు ఎడమ ముఖం మీద, ఏటవాలు గీతలు అంచు దాటి రెండు ముఖాల మీదా, అచ్చులు అంచున చిన్న గాట్లుగా వస్తాయి.

మెత్తని చెక్క, కనీసం 3 సెంటీమీటర్ల మందం తీసుకోండి. అంచును మరీ పదునుగా ఉంచకుండా ఉప్పు కాగితంతో కొద్దిగా రుద్దండి, లేకపోతే అచ్చుల గాట్ల దగ్గర పెచ్చులు లేస్తాయి. మూలమట్టంతో గీతలన్నీ పెన్సిల్‌తో వేసి, కర్రను కింది నుంచి పైకి ఒకసారి చదివి, ఆ తర్వాతే ఆకురాయో సన్న ఉలో పట్టండి. అచ్చుల గాట్లకు మూడంచుల ఆకురాయి బాగా పనిచేస్తుంది. నూనె లేదా వార్నిష్ పలుచగా పూయండి, చిక్కగా పూస్తే గాట్లు పూడుకుపోతాయి.

## 10. మన పేర్లు రాయాలంటే

పిల్లల పేర్లు రాయమని అడిగేవారు చాలామంది. పేరును ముందు రోమన్ లిపిలో రాసుకుని, లేని అక్షరాలకు ఇలా సర్దుకోండి: కే బదులు సీ, వీ బదులు ఎఫ్ (పాత రాళ్ల మీద ఆ అక్షరం విలువ వీకి దగ్గరే), వై బదులు ఐ. రవి అంటే ఆర్-ఏ-ఎఫ్-ఐ: ఏటవాలు 5, అడ్డ 1, కుడి 3, అడ్డ 5.

సీత అంటే ఎస్-ఐ-టీ-ఏ: కుడి 4, అడ్డ 5, ఎడమ 3, అడ్డ 1. ఐరిష్ చదివేవారు ఐ పక్కనున్న ఎస్‌ను "ష" అని పలుకుతారని మాత్రం తెలుసుకోండి. మన "త" మాత్రం వాళ్ల నోట చక్కగా వస్తుంది, వాళ్ల టీ చాలాచోట్ల పళ్లకు తగిలే త. జ ఉన్న పేర్లకు నేరైన అక్షరం లేదు. డీ పక్కన ఐ పెడితే ఐర్లాండ్‌లో చాలాచోట్ల జకు దగ్గరగా పలుకుతారు.

ఒక్క అక్షరంతో సరిపెట్టడం మాత్రం వద్దంటాను. ఒకే గీత ఒంటరిగా ఉంటే, కర్రను ఎటు పట్టుకున్నారో తెలియక బీ అవుతుందో హెచ్ అవుతుందో చెప్పలేం.

## 11. చెక్కేవారికి ఇచ్చే ముందు

టాటూ వేసేవారికీ, నగల మీద చెక్కేవారికీ చాలామందికి ఓగమ్ రాదు. మీరిచ్చింది యథాతథంగా దించుతారు. కాబట్టి కాగితం మీద ఇవన్నీ ఉండాలి:

- అసలు కొలతలో గీసిన బొమ్మ
- కింద "మొదలు", పైన "చివర" అని స్పష్టంగా తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో
- ఎన్ని గీతలు ఉండాలో మొత్తం లెక్క (సొలస్‌కు 13, మిష్న్యఖ్‌కు 25)
- "అలంకారం కోసం గీతలు కలపవద్దు, తగ్గించవద్దు, ఖాళీలు సర్దవద్దు" అన్న సూచన
- అంకెల వరుస

ఇవ్వడానికి ముందు రోజు, ఆ మాట ఏమిటో తెలియని ఒకరికి బొమ్మనూ పట్టికనూ ఇచ్చి అక్షరం అక్షరం చదివించండి. మీకు ముందే తెలుసు కాబట్టి మీ కన్ను తప్పును దాటేస్తుంది, వాళ్ల కన్ను దాటేయదు. వాళ్లు రాసిన అక్షరాలను ఐరిష్ తెలిసిన మనిషికి చూపించి "ఇది ఏ మాట?" అని అడగండి.

టాటూకైతే స్టెన్సిల్ చర్మం మీద అంటించిన తర్వాత సూది పెట్టకముందే ఫోన్‌తో వెనుక కెమెరాతో ఫొటో తీయించండి. అద్దంలోనూ సెల్ఫీలోనూ చూడకండి, రెండూ ఎడమ కుడులను మార్చి చూపించే అవకాశం ఉంది. చెయ్యి కిందికి వేలాడదీసినప్పుడు పైకి చదవాలా, చెయ్యి మడిచి మీరే చూసుకున్నప్పుడు పైకి చదవాలా అన్నది ముందే తేల్చుకోండి, మొదలు గుర్తు ఎటు ఉండాలో దాన్ని బట్టే మారుతుంది. ఆ ఫొటోలో గీతలను కింది నుంచి పైకి లెక్కపెట్టి, అంకెల వరుసలో ఒక్కో అంకెకూ టిక్ పెట్టండి. అన్నిటికీ టిక్ పడితే మొదలుపెట్టమనండి, ఒక్కటి తేడా వచ్చినా స్టెన్సిల్ తుడిపించి మళ్లీ వేయించండి.